కమాన్లు లేచిన ఎండాకాలం

నిన్న మధ్యాహ్నం వరండాలో కూర్చుని చాటలో కందులు చెరుగుతుంటే, హైదరాబాదులో ఉండే మా అబ్బాయి నా ఫోనుకు ఒక వీడియో పంపాడు. కాశ్మీరు కొండల నడుమ, చీనాబ్ లోయ మీద కట్టిన ఉక్కు వంతెన. ఈ కొండ నుంచి ఆ కొండకు ఒకే ఒక్క కమాన్ వంగి ఉంది. దాని నెత్తి మీదుగా రైలు పోతోంది. కింద నది ఎంత లోతున ఉందంటే, నీళ్లు పారుతున్నాయో నిలిచిపోయాయో తెలియడం లేదు. చాట ఒళ్లో పెట్టుకుని మళ్లీ మళ్లీ చూశాను. అంతలో నాగల్‌గిద్ద దిక్కు నుంచి గాలి లేచింది. ఇక కూర్చోలేకపోయాను. చాట పక్కన పడేసి, చెప్పులు కూడా వేసుకోకుండా రోడ్డు మీదికి వచ్చి, ఎదురుగా ఉన్న మా వాడ చర్చి పైకప్పు వైపు చూశాను. రేకులు కొద్దిగా గలగలమన్నాయి. అంతే. వెనక నుంచి మా ఆయన నవ్వాడు. “అది యాడికి పోదు గని, నువ్వే ఆగమాగమైతున్నవ్. వచ్చి కూసో,” అన్నాడు. గాలి లేస్తే కుదురుగా ఉండలేని ఈ జబ్బు నాకు పుట్టుకతో వచ్చింది కాదు. మా అక్క అంటించి పోయింది.

అక్క అంటే మా పెద్దనాయన కూతురు. నాకంటే కొంచెం పెద్ద. మా రెండిళ్లూ నారాయణఖేడ్‌లో ఒకే వాడలో ఉండేవి కాబట్టి ఏ ఇంట్లో తిన్నామో ఏ ఇంట్లో పడుకున్నామో మా అమ్మలకే లెక్క ఉండేది కాదు. అక్క కూర్చుని అన్నం తినడం నేను చాలా తక్కువసార్లు చూశాను. జొన్నరొట్టె చేతిలో పట్టుకుని, దాని మీదే కూర వేయించుకుని, వాకిట్లో ఈ చివరి నుంచి ఆ చివరికి నడుస్తూ తినేది. చదువూ అంతే. పుస్తకం పట్టుకుని నడిచేది. “నీ కాళ్లకు గిర్కలున్నయా ఏందే?” అని పెద్దనాయన విసుక్కునేవాడు. పెద్దయ్యాక హైదరాబాదులో ఒక ఆఫీసులో ఇంజనీరు అయింది. ఇనుముతో పెద్ద పెద్ద గోదాములకూ స్టేడియాలకూ కప్పులు ఎట్లా నిలబడాలో లెక్క కట్టే పని. అక్కడా నడుస్తూనే లెక్కలు చేస్తుందని, కింద అంతస్తు వాళ్లు ఒకసారి వచ్చి పైన ఏమైనా దంచుతున్నారా అని అడిగారని తనే చెప్పి నవ్వేది.

మా వైపు కమాన్ అంటే ఊరి మొగదల నిలబెట్టే సిమెంటు స్వాగత ద్వారం. ఆ మాటకు ఉర్దూలో విల్లు అనే అర్థం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. అక్కకు మాత్రం చిన్నప్పుడే తెలిసి ఉంటుందేమో. బడిలో ఉండగా మమ్మల్ని బీదర్ కోటకు తీసుకుపోయారు. పిల్లలందరూ పులిహోర పొట్లాల చుట్టూ చేరితే, అక్క ఒక్కతే ఒక పెద్ద రాతి కమాన్ కింద తల పైకెత్తి నిలబడింది. అన్ని రాళ్లు పైన వేలాడుతుంటే పడవెందుకని సారును అడిగింది. సారు, “నీ మీద పడకముందే బయటికి రా,” అని చెవి పట్టుకుని లాక్కొచ్చాడు. బస్సులో తిరిగి వస్తున్నంతసేపూ అక్క రెండు అరచేతులు వేళ్ల దగ్గర ఆనించి, ఒకదాన్నొకటి తోసుకుంటూ కూర్చుంది. ఆ రోజు కూర్చోవడం మాత్రం నాకు గుర్తుంది.

మా పాత చర్చి బెంగుళూరు పెంకుల కప్పు. దాన్ని మోయడానికి లోపల రెండు వరుసల రాతి స్తంభాలు. ఒక్కొక్కటి మనిషి రెండు చేతులతో కావలించుకున్నా అందనంత లావు. వాటిని పెద్దనాయన తన పడుచుతనంలో, కూలికి పోయే రోజుల్లో, తోటివాళ్లతో కలిసి నిలబెట్టాడు. పొద్దంతా పొలాల్లో పని చేసి, సాయంత్రాలు మనూర్ దిక్కు నుంచి బండ్ల మీద రాళ్లు మోసుకొచ్చి పేర్చారట. అందుకే ఆయనకు ఆ స్తంభాలంటే మనుషులంత ప్రేమ. పండుగ ముందు ఎవరు సున్నం వేసినా ఆయనకు నచ్చేది కాదు. మళ్లీ తనే ఇంకో పూత వేసేవాడు. అయితే చెప్పకూడదుగానీ, ఆ స్తంభాల వల్ల అందరికీ ఏదో ఒక లాభం ఉండేది. పాస్టరయ్య ప్రసంగం పొడుగైనప్పుడు నిద్రపోదలచిన మగవాళ్లు వాటి వెనక చేరేవారు. చంటిపిల్లకు పాలివ్వాల్సిన తల్లులు చేరేవారు. కొత్తగా చూపులు కలిసిన పడుచువాళ్లు కూడా చేరేవారని నేను పేర్లు చెప్పకుండా చెప్పగలను. నష్టం ఒక్కటే. వెనక కూర్చున్నవాళ్లకు ముందు జరిగేది కనబడేది కాదు. నేను ఆ చర్చిలో ఎన్నో పెళ్లిళ్లు విన్నాను. చూసినవి తక్కువ.

ఒక వానాకాలం, ఎవరూ లేని వేళ, కప్పులో ఒక మూల కుప్పకూలింది. దూలాలను చెదలు లోపల్లోపలే తినేశాయి. పెంకులు దించి చూస్తే మిగిలిన కర్రలు కూడా వేలితో నొక్కితే పొడి అవుతున్నాయి. సంఘ పెద్దలు కూర్చుని కొత్త కప్పు వేయాలని తీర్మానించారు. పెద్దలలో పెద్ద మా పెద్దనాయనే. స్తంభాలు అలాగే ఉంచి, వాటి మీద మళ్లీ దూలాలు వేస్తే సరిపోతుందని ఆయన అన్నాడు. అందరూ తల ఊపారు. ఆ వార్త ఫోనులో విన్న అక్క ఎండాకాలం మొదట్లో సెలవు పెట్టి, చంకలో చుట్టిన కాగితాలతో బస్సు దిగింది.

ఆ సాయంత్రం చర్చి ముందు పందిట్లో పెద్దలందరూ కూర్చున్నారు. అక్క కూర్చోలేదు. అటూ ఇటూ నడుస్తూనే, స్తంభాలన్నీ తీసేసి, ఈ గోడ నుంచి ఆ గోడకు ఉక్కు గొట్టాలతో కమాన్లు వేద్దామని చెప్పింది. కింద ఒక్క కంబం కూడా ఉండదని చెప్పింది. నమ్మించడానికి తన ఫోనులోని బొమ్మలు తీసి అందరికీ చూపింది. సిడ్నీలో సముద్రం మీద ఉన్న పెద్ద కమాన్ వంతెన చూసి ఒక ముసలమ్మ, “గిది బట్టలు తగిలేసే హ్యాంగర్ లెక్కున్నది గదనే,” అంది. అక్కడి జనం కూడా దాన్ని అదే పేరుతో పిలుస్తారని అక్క చెబితే ఆమె మురిసిపోయి, బొమ్మను పక్కామెకు చూపించింది. అమెరికాలో సెయింట్ లూయిస్ అనే ఊళ్లో, నది ఒడ్డున ఆకాశంలోకి లేచి కిందికి దిగే ఒంటరి ఉక్కు కమాన్ చూసి మరో పెద్దమనిషి, “దర్వాజ మంచిగనే ఉన్నది, మరి ఇల్లేది?” అని అడిగాడు. లండన్‌లో పాత రైల్వే స్టేషను కప్పు మాత్రం అందరూ నిదానంగా చూశారు. దాని కింద రైళ్లున్నాయి, జనం ఉన్నారు. ఎక్కడా అడ్డు లేదు.

అక్క చెప్పింది నాకు అర్థమైనంత మటుకు ఇది. రాతి కమాన్ తన బరువును పక్కలకు నెడుతుంది, అందుకే బీదర్ కోట గోడలు అంత మందం. ఉక్కు వచ్చాక తక్కువ బరువుతో చాలా దూరం వంగే కమాన్లు చేయగలిగారు. అంతకుముందు అంత పెద్ద జాగాలో జనం చేరాలంటే స్తంభాల అడవిలో చేరాల్సిందే. ఉక్కు కమాన్లతో బజార్లు, స్టేషన్లు, ఆటల మైదానాలు ఒక్క కప్పు కిందికి వచ్చాయి. వేలమంది ఒకరినొకరు చూసుకుంటూ నిలబడే చోటు దొరికింది. ఇంత చెప్పినా పెద్దనాయన బొమ్మలు చూడలేదు. తువ్వాలు దులిపి భుజాన వేసుకుని లేచాడు. “కంబాలు లేకుంట కప్పు నిలవడ్డట్టు నేను సూడలే. ఉన్నయి తీసుడెందుకు?” అన్నాడు. దాంతో సమావేశం అయిపోయింది.

ఆ రాత్రి భోజనం వేళకు నేను వంకాయ కూర గిన్నెతో వాళ్లింటికి పోయాను. పెద్దమ్మ పోయి చాలా ఏళ్లయింది కాబట్టి అక్క వచ్చినప్పుడల్లా కూర మా ఇంటి నుంచే పోయేది. పెద్దనాయన పీట మీద కూర్చుని రొట్టె తుంచుతున్నాడు. అక్క పొయ్యి దగ్గరికీ తలుపు దగ్గరికీ నడుస్తోంది. ఆ చిన్న వంటింట్లో అట్లా నడవడం చూస్తే నాకే కళ్లు తిరిగాయి.

“ఇన్నేండ్ల సంది గా కంబాలు ఎవ్వరికన్న అడ్డమైనయా? ఒక్కరన్న అన్నరా?” అన్నాడు పెద్దనాయన.

అక్క ఆగిపోయింది. “నాకు అడ్డమైనయ్ నాయినా,” అంది.

“నీకేం అడ్డమైనయే?”

“అమ్మ పోయిన్నాడు నేను అమ్మ మొఖం సూడలే.”

ఆ మాటకు నేను గిన్నె కింద పెట్టేశాను. ఎందుకంటే ఆ రోజు నేను అక్క పక్కనే ఉన్నాను. అప్పుడు తను సంగారెడ్డిలో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. కబురంది బయలుదేరితే వానకు బస్సు దారిలో ఆగిపోయింది. తను వచ్చేసరికి చర్చిలో ఆఖరి ప్రార్థన నడుస్తోంది. చుట్టుపక్కల ఊళ్లన్నీ వచ్చి గుమ్మం దాకా జనం. నేను చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాను గానీ ఒక స్తంభం దగ్గర ఇరుక్కుపోయాం. ఎడమకు వంగితే గోడ, కుడికి వంగితే పెద్దవాళ్ల వీపులు. అక్క ఆ స్తంభాన్ని రెండు చేతులతో పట్టుకుని, చెంప ఆనించి, అటొకసారి ఇటొకసారి తొంగి చూసింది. పాట మొదలైంది. ముందు వైపు పెట్టె మూతకు మేకులు కొడుతున్న చప్పుడు వినబడింది. వాన వల్ల తొందర. సమాధి దగ్గర మళ్లీ తెరవలేదు. అయినా ఆ సాయంత్రం పెద్దనాయన కళ్లు వాచిపోయి, “అమ్మను సూసినవ్ గద బిడ్డా?” అని అడిగితే, అక్క తల ఊపింది. ఆయన మరింత కుంగిపోకూడదని ఊపిందని అప్పుడే నాకు తెలుసు. మా ఇద్దరి మధ్యా మళ్లీ ఎన్నడూ ఆ మాట రాలేదు.

పెద్దనాయన చేతిలో రొట్టె ముక్క చేతిలోనే ఉండిపోయింది. “నాకు తెల్వదు బిడ్డా,” అన్నాడు. అక్క బయటికి పోయి వాకిట్లో నడవడం మొదలుపెట్టింది.

మరుసటి పొద్దున చాయ్ తీసుకుపోతే పెద్దనాయన ఇంట్లో లేడు. చర్చి తలుపు తీసి ఉంది. కప్పు లేని చోటు నుంచి ఎండ ఏటవాలుగా పడుతోంది. ఆయన ఒక స్తంభం వెనక నేల మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి, “గీ కంబమేనా?” అని అడిగాడు.

“కాదు పెద్దనాయినా, గా పక్కది,” అన్నాను.

ఆయన లేచి, మోకాళ్లు పట్టుకుంటూ పక్క స్తంభం వెనకకు పోయి కూర్చున్నాడు. ఎడమకు వంగి చూశాడు. కుడికి వంగి చూశాడు. చాయ్ చల్లారిపోయింది. నేను నిలబడలేక, వెళ్లిపోలేక, ఆ లోటా పట్టుకుని గుమ్మంలోనే తచ్చాడాను. చివరికి ఆయన ఆ రాయి మీద అరచెయ్యి పెట్టి, పశువును నిమిరినట్టు ఒకసారి నిమిరి, లేచి వచ్చాడు. ఆదివారం ఆరాధన అయ్యాక పెద్దలందరి ముందు, “కమాన్లే పెట్టుండ్రి. కంబాలు తీసెయ్యుండ్రి,” అన్నాడు. ఎందుకు మనసు మారిందని అడిగినవాళ్లకు, “నా బిడ్డ చదువుకున్నది, నేను చదువుకోలే,” అని మాత్రం చెప్పాడు.

స్తంభాలు పడగొట్టిన రోజు మాత్రం ఆయన ఊళ్లో లేడు. కల్హేర్ అంగడికి పోతున్నానని చెప్పి పొద్దున్నే ఆటో ఎక్కాడు. సాయంత్రం ఎవరూ తెమ్మనని రెండు కోళ్లు చంకలో పెట్టుకుని వచ్చి, ఖాళీ అయిన చర్చి వైపు చూడకుండా నేరుగా ఇంట్లోకి పోయాడు. ఆ కోళ్లు వారం రోజులు మా ఇంట్లోనే తిరిగాయి.

జహీరాబాదులో చేయించిన కమాన్లు లారీ మీద వచ్చాయి. ఒక్కో కమాన్ రెండు ముక్కలు. గోడల పక్కన పోసిన సిమెంటు దిమ్మెల మీద రెండు ముక్కల పాదాలు ఆనించి, నడుమ కట్టిన పరంజా మీద వాటి తలలు కలిపి బోల్టులు బిగించాలి. అక్కకు ఆ రోజుల్లో నిద్ర లేదు. నన్నూ ఉండనివ్వలేదు. నేను మా వాడ బడిలో పాఠాలు చెప్పి వచ్చీ రాగానే, “చెల్లె, రా,” అని చెయ్యి పట్టుకుని ఆ దిమ్మెల చుట్టూ తిప్పేది. కమాన్ కలిసేంతవరకే భయమట. కలిసిన తర్వాత రెండు సగాలు ఒకదాన్నొకటి తోసుకుంటూ వాటంతట అవే నిలబడతాయి. కలవకముందు అవి కమాన్ కానే కావు, వంకర ఇనుప ముక్కలు మాత్రమే. సిడ్నీలో ఆ ఒడ్డు నుంచి ఒక సగం, ఈ ఒడ్డు నుంచి ఒక సగం కట్టుకుంటూ వచ్చి, రెండింటినీ వెనక నుంచి ఇనుప తాళ్లతో పట్టి ఉంచారట. కొద్ది దూరంలో కలుస్తాయనగా పెద్ద గాలి వచ్చిందట. అప్పుడు అక్కడి ఇంజనీర్లు ఏం చేశారని అడిగాను. “ఏం చేస్తరు? నా లెక్కనే తిరిగి ఉంటరు,” అంది.

మొదటి కమాన్ ఎత్తే రోజు వాడంతా చేరింది. చెట్ల కింద, గోడల మీద, మా వరండాలో కూడా జనం. పొద్దున చల్లని పూట ఒక సగం సాఫీగా లేచి దిమ్మె మీద కూర్చుంది. తర్వాత క్రేన్ మొరాయించింది. దాన్ని బాగు చేసేసరికి ఎండ నడినెత్తికి వచ్చింది. ఖాళీ జాగాలో పడి ఉన్న రెండో సగం కాలుతున్న పెనంలా ఉంది. దాన్ని ఎత్తి పెడితే రెండు తలలూ పక్కపక్కకు వచ్చాయిగానీ రంధ్రాలు ఒకదాని మీద ఒకటి పడలేదు. బోల్టు మొన దూరుతోంది, మనిషి చిటికెన వేలి గోరంత తేడాతో ఆగిపోతోంది. పైన ఉన్నవాళ్లు సుత్తులతో కొట్టి చూశారు. క్రేన్ డ్రైవరు కిందికి దిగి బీడీ ముట్టించి, సాయంత్రానికి ఇంకోచోటికి పోవాలని గొణగడం మొదలుపెట్టాడు. పడమట మబ్బు కడుతోంది.

“మేడం, గ్యాస్ కట్టర్‌తోని బొక్క జరంత పెద్దగ చేస్త. జల్దీ అయిపోతది,” అన్నాడు మేస్త్రీ.

“బొక్క పెద్దగైతే బోల్టు ఆడ్తది. రేపు అదే కదిలి కదిలి ఊడ్తది. చెయ్యొద్దు,” అంది అక్క.

“మరి గట్లనే ఏలాడనిద్దామా? గాలొస్తున్నది సూడున్రి.”

అక్క నడుస్తోంది. దిమ్మె నుంచి దిమ్మెకు, మళ్లీ వెనక్కి. అందరి కళ్లూ ఆమె వెంట తిరుగుతున్నాయి. పెద్దనాయన దూరంగా బడి అరుగు మీద కూర్చుని తువ్వాలు అంచును వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. అక్క చటుక్కున ఆగి ఎండలో కాగిన సగాన్ని చేత్తో ముట్టుకుని, చెయ్యి వెనక్కి లాక్కుంది. పొద్దున పెట్టిన సగాన్ని ముట్టుకుంది. తర్వాత గట్టిగా అరిచింది. “నీళ్లు తెండ్రి! గోనె సంచులు తెండ్రి!”

ఇనుము వేడికి పెరుగుతుంది. పొద్దున పెట్టింది కొంత నీడలో ఉంది, ఇది పొద్దంతా ఎండలో కాగింది. సెయింట్ లూయిస్‌లో ఆ పెద్ద కమాన్ చివరి ముక్క పెట్టేటప్పుడు కూడా ఎండకు ఒక కాలు పెరిగిపోతే మంటలార్పే గొట్టాలతో నీళ్లు కొట్టారట. ఈ సంగతి అక్క ఎవరికీ నిలబడి చెప్పలేదు. నా వెంట మా ఇంటి నల్లా దగ్గరికి పరుగెత్తుతూ రొప్పుకుంటూ చెప్పింది. ఆడవాళ్లు బిందెలతో కదిలారు. మా ఆయన ట్రాక్టరు వెనక నీళ్ల ట్యాంకరు తగిలించి తెచ్చాడు. పరంజా మీది వాళ్లు తడి గోనె సంచులు తాళ్లతో పైకి లాక్కుని ఆ ఇనుముకు చుట్టారు. మొదటి నీళ్లు పడగానే చుయ్‌మని ఆవిరి లేచింది. పోస్తూనే ఉన్నాం. నా చీర మోకాళ్ల దాకా బురద. హ్యాంగర్ అన్న ముసలమ్మ బిందె మోయలేక చెంబుతోనే తెచ్చి దిమ్మె మీద పోస్తోంది. అది చల్లబడాల్సింది పాదం దగ్గర కాదని ఆమెకు చెప్పే ఓపిక ఎవరికీ లేకపోయింది. ఎంతసేపు పోశామో తెలియదు. ఉన్నట్టుండి పై నుంచి మేస్త్రీ, “పట్టింది! మేడం, పట్టింది!” అని కేకేశాడు. ఒక బోల్టు పడితే మిగతావి వాటి వెనకే పడ్డాయి. క్రేన్ కొక్కెం విప్పి పక్కకు జరిగింది. కమాన్ నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. అక్క చప్పట్లు వినలేదు. మబ్బు వైపు చూస్తోంది.

ఒంటరి కమాన్ నిలువుగా గట్టిదే గానీ పక్కకు పడిపోకుండా ముందూ వెనకా ఇనుప తాళ్లతో కట్టి ఉంచాలి. మిగతావి కూడా లేచి అన్నీ ఒకదానితో ఒకటి కలిస్తేనే ఆ భయం పోతుంది. తాళ్లు కట్టారు, గూటాలు భూమిలో దిగ్గొట్టారు. ఇంతలోనే గాలివాన వచ్చిపడింది. అందరం బడి వరండాలోకి పరుగెత్తాం. వాన అడ్డంగా కొడుతోంది. ఆ తెరలోంచి కమాన్ ఒక్కటే నల్లగా కనబడుతోంది. అది ఊగుతోందో మా కళ్లే ఊగుతున్నాయో నాకు తెలియలేదు. “తాడు!” అని అక్క అరిచింది. పడమటి పక్క గూటం తడిసిన నల్లరేగడిలోంచి లేస్తోంది. అక్క పరుగెత్తేలోపే ఒక మనిషి అక్కడున్నాడు. పెద్దనాయన. కోడెను పగ్గంతో ఆపినట్టు రెండు చేతులతో ఇనుప తాడు పట్టుకుని, మడమలు బురదలో పాతి, వెనక్కి వాలి ఉన్నాడు.

“ఇడువు నాయినా! అది నిన్ను లేపుకపోతది! ఇడువు!” అక్క గొంతు పగిలిపోయింది.

ఆయన విడవలేదు. నేను వెనక్కి తిరిగి మా ఆయనను కేకేశాను. ఆయనకు అప్పటికే అర్థమై ట్రాక్టరు స్టార్టు చేశాడు. ట్యాంకరు విప్పి, బురదలో జారుతూ వెనక్కి తెచ్చి ఆపితే, మేస్త్రీ, అక్క, ఇంకో ఇద్దరు తాడును ట్రాక్టరు కొక్కేనికి చుట్టి బిగించారు. అప్పుడు గానీ పెద్దనాయన చేతులు తాడును విడవలేదు. అరచేతులు తెగి రక్తం వానలో కారిపోతోంది. ట్రాక్టరు పెద్ద చక్రం పక్కన బురదలోనే కూలబడ్డాడు. అక్క ఆయన ముందు మోకాళ్ల మీద కూర్చుని ఆ చేతులు తన కొంగులో పట్టుకుంది.

“నీ కమాన్ పడిపోతదని ఉర్కిన బిడ్డా,” అన్నాడు ఆయన.

“కమాన్ పోతే మల్ల చేసుకుంటం నాయినా. నిన్ను యాడ తెచ్చుకోవాలె?” అంది అక్క. అని, చిన్నపిల్లలా ఏడ్చింది. పెద్దమ్మ పోయినప్పుడు కూడా నేను ఆమెను అట్లా ఏడవగా చూడలేదు. వాన తగ్గేదాకా ఇద్దరూ అక్కడే కూర్చున్నారు. అక్క కదలకుండా కూర్చుంది. ట్రాక్టరు రాత్రంతా అక్కడే ఉంది. కమాన్ కూడా.

మిగతావన్నీ ఏ పేచీ లేకుండా లేచాయి. అక్క వాటిని తెల్లవారుజామునే ఎత్తించింది. రేకులు పడ్డాయి, రంగు పడింది. కొత్త మందిరంలో మొదటి ఆదివారం అందరూ లోపలికి వచ్చి, ఎక్కడ కూర్చోవాలో తెలియక కాసేపు తికమకపడ్డారు. ఎటు చూసినా మనుషులే. నిద్రపోవడానికి చోటు లేదు. అందరూ కనబడుతున్నారు కదా అన్న హుషారులో పాస్టరయ్య ప్రసంగం ఇంకా పొడుగైంది. మాట కప్పుకు తగిలి రెండుసార్లు వినబడింది. మధ్యాహ్నానికి రేకుల వేడికి విసనకర్రలు కదిలాయి. నెల తిరక్కముందే పావురాలు కమాన్ల మీద కాపురం పెట్టాయి. ఇవన్నీ ఒక్కొక్కటిగా సర్దుకున్నాయి, పావురాలు తప్ప. పెద్దనాయన మాత్రం వచ్చినవాళ్లందరికీ తలెత్తి చూపించి కమాన్ల కథ చెప్పేవాడు. చెప్పగా చెప్పగా కథ కొంచెం పెరిగింది. “సిడ్నీల గూడ గాలొచ్చిందట. ఆడ గూడ గిట్లనే ట్రాక్టర్ కట్టి ఆపిండ్రు,” అని ఆయన ఒక చుట్టానికి చెబుతుంటే నేను విన్నాను. అక్క పక్కనే ఉంది. సరిదిద్దలేదు.

సెలవు అయిపోయి అక్క తిరిగి వెళ్లే రోజు బస్టాండుకు ముగ్గురం పోయాం. ఎక్కడో కొండల్లో వంతెన పనికి పంపిస్తున్నారని, ఇకపై తరచుగా రావడం కుదరదని అప్పుడే చెప్పింది. పెద్దనాయన చేతులకు ఇంకా కట్లున్నాయి. బస్సు ఆలస్యమైంది. అక్క యథాప్రకారం ప్లాట్‌ఫారం మీద తిరుగుతోంది. ఆమె దగ్గరికి వచ్చినప్పుడు ఆయన, “గీ కమాన్లు ఎన్నేండ్లు ఉంటయే?” అని అడిగాడు.

“రంగు తప్పకుంట ఏస్తుంటే మనమందరం పోయినంక గూడ ఉంటయ్ నాయినా.”

“కంబాలు నిలవెట్టిన్నాడు నేను గూడ గిట్లనే అన్న,” అన్నాడు. ఆ గొంతులో నిష్ఠూరం లేదు. పాత స్నేహితుడి కబురు ఒకటి చెప్పినట్టు చెప్పాడు. అక్క ఏదో అనబోయింది. అంతలో బస్సు వచ్చింది, జనం ఎగబడ్డారు, ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపింది.

పెద్దనాయన పోయి కొన్నేళ్లయింది. అక్క ఇప్పుడు ఏ ఊళ్లో ఉందో ఫోను చేస్తే గానీ తెలియదు. నిన్న గాలి తగ్గాక నేను వరండాలోకి వచ్చి మళ్లీ కందుల ముందు కూర్చున్నాను. ఈ కమాన్లను చూసి కూడా ఏదో ఒకనాడు ఎవరో ఒక బిడ్డ వచ్చి, ఇవి నాకు అడ్డమైనయని అంటుంది. ఎందుకు అడ్డమవుతాయో ఇప్పుడు నాకు తోచదు. అప్పటివాళ్లు ఒక పూట ఆ నేల మీద కూర్చుని, అటొకసారి ఇటొకసారి వంగి చూడాలి. మనం గట్టిగా కట్టామనుకున్న ప్రతిదాన్నీ కాలం అట్లాగే, ఒక్కొక్కరి కన్నీటి కోసం, కొంచెం కొంచెం పక్కకు జరుపుకుంటూ పోతుంది.